బొటనవేలు జాగ్రత్త

లూయిస్‌టౌన్, మోంటానా
ఏప్రిల్ 1994

బావమరిది డ్వైట్‌కు,

గ్రేట్ ఫాల్స్ తుపాకుల సంతకి తప్పకుండా వస్తానని ఎగ్గొట్టావు. నీ వాటా చలి కూడా నేనే భరించి వచ్చాను. ఆ రేకుల షెడ్డు సంగతి నీకు తెలియనిదా, ఏప్రిల్లో కూడా పాదాలు కొయ్యబారిపోతాయి. పక్క బల్ల ముసలాడున్నాడే, తూర్పు జర్మనీ కంబళ్ళు అమ్మేవాడు, "మీ బావమరిదికి పెళ్ళాం పర్మిషన్ ఇవ్వలేదా?" అని అడిగాడు. "సంతకి ఇచ్చింది, కొనడానికి ఇవ్వలేదు" అన్నాను. నీ పరువు ఆ మాత్రం కాపాడాను.

రష్యావాళ్ళ దుకాణం మూతపడ్డాక వాళ్ళ గోదాముల్లో మూలిగినవన్నీ మన వైపే కొట్టుకొస్తున్నాయి. పెట్టెలకి పెట్టెలు, గ్రీజులో ముంచి తీసిన రైఫిళ్ళు. షెడ్డంతా అదే వాసన. మీ అక్క ఇర్మా నా చొక్కాలు విడిగా ఉతుకుతోంది. నేనూ ఒకటి తెచ్చుకున్నాను. గ్రీజు తుడుస్తుంటే దాని కర్ర పిడి మీద గీత తగిలింది. ఎవడో కుర్రాడు మేకుతో తన పేరు గీసుకున్నాడు. వాళ్ళ అక్షరాలు నాకు రావు. వేలితో తడిమి చూశాను. పొట్టి పేరు. ఇలాంటిది దొరికినప్పుడే కదా మన పిచ్చికి అర్థం ఉందనిపించేది.

నా ఎం-వన్ రైఫిళ్ళలో ఒకటి అమ్మేశాను. నువ్వు కన్నేసిందే, ఏడవకు. ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకావిడ కొనుక్కుంది, ముప్పై దాటి ఉంటాయేమో. "మా నాన్న కొరియాలో దీన్నే మోశాడండీ, ఆయన పుట్టినరోజుకి" అంది. బేరం కూడా ఆడలేదు. పట్టుకోవడం కూడా రాదు, చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంది. నేనే దగ్గరుండి అన్నీ చూపించాను. "బొటనవేలు జాగ్రత్తమ్మా, ఈ బోల్టు ముందుకొచ్చి కొడితే గోరు ఊడుతుంది" అని, ఫౌజులో నా గోరు నల్లబడిన కథ, సార్జెంటు తిట్టిన తిట్లు, అన్నీ చెప్పాను. ఎంత నవ్విందో. ఆ నవ్వుకి కంబళ్ళ ముసలాడు కూడా తలతిప్పి చూశాడు. ఏదైనా ఇబ్బందొస్తే ఫోన్ చెయ్యమని నా పేరూ నంబరూ కాగితం మీద రాసిచ్చాను.

మీ ఆవిడ మార్లిస్‌ని అడిగినట్టు చెప్పు.

మీ బావ,
హార్లన్


మైల్స్ సిటీ
మే 1994

బావా,

రైల్వేవాళ్ళు ఈ మోకాలికి పింఛనిచ్చి ఇంట్లో కూర్చోబెట్టాక దూరప్రయాణం అంటే భయంగా ఉంటోంది. అందుకే రాలేదు, మనసులో పెట్టుకోకు.

నేను రెండేళ్ళుగా అడుగుతుంటే "చూద్దాంలే" అన్న ఎం-వన్‌ని ఆకుపచ్చ కోటుకి అమ్మేశావన్నమాట. బేరం లేకుండా, పైగా పాఠాలు చెప్పి, ఫోన్ నంబరు రాసిచ్చి. ఈ వయసులో నీకిదేం రోగం బావా? అక్కకి చెప్పనా, నువ్వే చెప్తావా? ఆ నల్లగోరు కథ మా అక్కని బుట్టలో వేసుకోవడానికి కూడా చెప్పావని నాకు గుర్తే. కొత్త కథ ఒకటి నేర్చుకో.

ఇక్కడ అంతా మామూలే. మార్లిస్ నిన్ను అడిగినట్టు రాయమంది. ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ వేశారు, అందుకే అక్క ఫోన్ చేసినప్పుడు దొరకడం లేదు. నిన్న చెర్రీ పళ్ళు పెట్టి ఓవెన్లో పై కాల్చింది, సగం నేనే తిన్నాను. మా కుక్క బిస్కెట్‌కి మిగతా సగం.

మధ్యాహ్నాలు నా స్విస్ రైఫిల్‌ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తున్నాను. మురికేమీ లేదు. ఊరికే.

డ్వైట్


లూయిస్‌టౌన్
జూన్ 1994

డ్వైట్,

నువ్వు వేళాకోళం రాసిన ఉత్తరం వచ్చిన వారంలోనే షెరీఫ్ ఆఫీసు నుంచి ఒకతను వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఇదేదో మంచివార్త కాదని.

"ఏప్రిల్లో సంతలో ఒక రైఫిల్ అమ్మారా సార్?" అన్నాడు.

ఆవిడ పేరు కొరిన్ లుండ్. సంత మర్నాడే ఆ రైఫిల్‌తోనే ప్రాణం తీసుకుందట. తండ్రి ఎన్నో ఏళ్ళ కిందటే పోయాడు. పుట్టినరోజూ లేదు, ఏమీ లేదు. నేను రాసిచ్చిన కాగితం కోటు జేబులో ఉండిపోయింది. తల్లి మొన్న ఆ కోటు తీసి చూస్తే దొరికిందట.

"మీ తప్పేం లేదు సార్. చట్టప్రకారం మీ మీద ఏమీ ఉండదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసుకోవాలి, అంతే" అన్నాడు. ఇర్మా కాఫీ ఇచ్చింది. తాగి, కప్పు కడిగి పెట్టి వెళ్ళాడు.

అది మొదలు రైఫిళ్ళున్న గరాజులోకి వెళ్ళలేదు. చేపలకి వెళ్తున్నాను, పురుగు గుచ్చకుండానే గాలం వేసేస్తున్నాను. తుపాకి పట్టుకోవడం రాని మనిషి, బేరం ఆడని మనిషి. నాన్నకి బహుమతి అంది కానీ నాన్న గురించి ఒక్క ముక్క అదనంగా చెప్పలేదు. సంతలో ఎవడైనా వాళ్ళ నాన్న ఫౌజు సంగతి ఎత్తితే ఆపగలమా? ఆవిడ ఆగిపోయింది. నేను అందుకుని నా గోరు కథ మొదలుపెట్టాను.

ఈ సంగతి మార్లిస్‌కి చెప్పకు. నేనంటే మంచి అభిప్రాయం ఉన్న మనిషి.

హార్లన్


మైల్స్ సిటీ
జూన్ 1994

బావా,

నీ ఉత్తరం చదివి వెంటనే రాస్తున్నాను. ఆ ముందు ఉత్తరంలో వాగిన వాగుడికి చెంపలేసుకుంటున్నాను.

కానీ ఒక మాట. కార్లు అమ్మేవాడు ప్రతి ప్రమాదానికీ ఏడుస్తూ కూర్చుంటాడా? తాడు అమ్మినవాణ్ణి ఎవరైనా నిలదీస్తారా? నువ్వు అమ్మకపోతే పక్క బల్లవాడు అమ్మేవాడు, వాడు బొటనవేలి సంగతి కూడా చెప్పేవాడు కాదు. మనిషి నిశ్చయించుకున్నాక ఆపడం దేవుడివల్ల కూడా కాదు. నది లేదా, రైలు పట్టాలు లేవా? పట్టాల సంగతి నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు బండి నడిపినవాణ్ణి. నువ్వు గరాజు తలుపు తియ్యి. ఆ రష్యా కుర్రాడి రైఫిల్‌కి నూనె పెట్టు. మనసు కుదుటపడుతుంది.

ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. నిజంగానే నవ్విందా? మర్యాదకి నవ్వడం వేరు, కడుపుబ్బా నవ్వడం వేరు. మర్నాటి సంగతి మనసులో పెట్టుకుని కూడా అలా నవ్వడం కుదురుతుందా అని.

ఊరికే అడిగాను.

మార్లిస్ అక్కని అడిగినట్టు రాయమంది.

డ్వైట్


లూయిస్‌టౌన్
ఆగస్టు 1994

డ్వైట్,

నిజంగానే నవ్వింది. ఈ మాట నీకంటే ముందు ఇంకొకరికి చెప్పాల్సొచ్చింది.

కొరిన్ తల్లి వచ్చింది. హెల్గా లుండ్. ఒక్కతే ఏదో పాత బండి నడుపుకుంటూ వచ్చింది. ఇర్మా తలుపు తీసింది, నేను వెనక దొడ్లో ఉన్నాను. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగా చేతులు కడుక్కుని వచ్చాను.

కూర్చోమంటే కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఆ రోజు మా అమ్మాయితో ఎక్కువసేపు మాట్లాడింది మీరే అనుకుంటాను. ఇంటికొచ్చి నాతో తలనొప్పి అని పడుకుంది. ఏం మాట్లాడిందో చెప్తారా?"

నేను ఇర్మా వైపు చూశాను. ఇర్మా నా వైపు చూడలేదు.

"పెద్దగా ఏం మాట్లాడలేదండీ. నేనే వాగాను" అన్నాను.

"మీరేం మాట్లాడారు?"

అబద్ధం చెబుదామనుకున్నాను డ్వైట్. వాతావరణం గురించి అని చెబితే సరిపోయేది. ఆవిడ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "బొటనవేలు జాగ్రత్త అని చెప్పానండీ. బోల్టు కొడితే గోరు ఊడుతుందని. నా గోరు ఎలా ఊడిందో చెప్పాను. ఆ కథకి నవ్వింది."

"నవ్విందా?"

"గట్టిగా నవ్విందండీ. పక్కవాళ్ళు చూసేంత."

ఆవిడ ఒళ్ళోని సంచి తెరిచి మళ్ళీ మూసింది. తర్వాత, "పోన్లెండి. ఆ రోజు దాని బొటనవేలికి దెబ్బ తగలకూడదని అనుకున్న మనిషి ఒకరున్నారు" అంది.

ఇర్మా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేనడిగాను, నాకెందుకడగాలనిపించిందో తెలియదు. "ఆపడానికి వీలుండేదా అమ్మా?" అని. నువ్వు రాసిన మాటే చెప్పాను, మనిషి నిశ్చయించుకుంటే ఆగదంటారు కదా అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మా అమ్మాయికి ఇదివరకూ ఇలా చీకటి కమ్మింది. కమ్మినప్పుడల్లా మళ్ళీ తెల్లారింది. పొద్దున్నే లేచి గుడ్లు వేయించుకునేది, ఏమీ జరగనట్టే. ఈసారి తెల్లారేలోపు చేతిలో అదుంది. అంతే తేడా."

వెళ్ళేటప్పుడు బండి వెనక తలుపు తీసింది. కంబళిలో చుట్టి ఉంది రైఫిల్. షెరీఫ్ ఆఫీసువాళ్ళు కేసు మూసి, వారసులకే చెందుతుందని ఆవిడకి తిరిగిచ్చారట. "దీన్ని నేను ఇంట్లో ఉంచలేను. పారేస్తే ఎవరి చేతికి వెళ్తుందో. మీకు దీని సంగతి తెలుసు కాబట్టి తెచ్చాను" అంది. రెండు చేతులతో అందుకున్నాను. చీపురులా కాదు, పసిబిడ్డని అందించినట్టు అందించింది.

మర్నాడు ఇనుము కోసే గ్యాస్ టార్చి పెట్టి కోసేశాను. మూడు ముక్కలు చేసి, కర్రని పొయ్యిలో వేశాను. నీకు కోపం వస్తుందని తెలుసు. ముందే చెబుతున్నాను.

హార్లన్


మైల్స్ సిటీ
సెప్టెంబర్ 1994

హార్లన్,

కోసేశావా. ఒక్క భాగం కూడా మార్చని రైఫిల్, అసలు కర్రతో ఉన్నది, యుద్ధం దాటి, కొరియా దాటి, యాభై ఏళ్ళు బతికొచ్చినదాన్ని టార్చి పెట్టి కోసేశావు. నీకు చెయ్యెలా వచ్చింది? ఇనుము ఏం పాపం చేసింది? ఇనుముకి మనసుంటుందా?

నాకు పంపాల్సింది. అడిగినవాణ్ణి నేనున్నాను కదా. నేనెవరి జోలికీ వెళ్ళేవాణ్ణి కాను. నా దగ్గర పడుండేది.

ఆ ముసలావిడ మాటలు నమ్ముతున్నావు. కన్నతల్లి అలాగే అనుకోవాలి, లేకపోతే బతకలేదు. తెల్లారుతుందట. అందరికీ తెల్లారదు బావా. కొందరికి మధ్యాహ్నం పన్నెండింటికి కూడా తెల్లారదు. వాళ్ళూ లేస్తారు, కాఫీ పెట్టుకుంటారు, కుక్కకి అన్నం పెడతారు. నీకు తెలియదు.

ఇలా రాసినందుకు ఏమీ అనుకోకు. మోకాలు నొప్పిగా ఉంది, నిద్ర లేదు.

మార్లిస్ బాగుంది.

డ్వైట్


లూయిస్‌టౌన్
అక్టోబర్ 1994

డ్వైట్,

నీ తిట్లు అందాయి. సగానికి పైగా న్యాయమైనవే.

శరదృతువు సంతకి మళ్ళీ వెళ్ళాను. ఇర్మా వద్దంది. ఇంట్లో కూర్చుని నాలో నేనే కుమిలిపోతుంటే చూడలేక, చివరికి తనే భోజనం కట్టిచ్చింది. ఈసారి బల్ల మీద హెల్మెట్లు, నీళ్ళ సీసాలు, బెల్టులు ఎక్కువ పెట్టాను. రైఫిళ్ళు కొన్నే.

ఒకతను వచ్చాడు. నీ వయసు. రైఫిళ్ళ వైపు కాదు, నేల వైపు చూస్తూ అడిగాడు ధర. నాలుక మీదకి నల్లగోరు కథ వచ్చింది, మింగేశాను. "ఇంట్లో అంతా బాగేనా బ్రదర్?" అన్నాను. "నీకెందుకు?" అన్నాడు. "ఈ మధ్య నేనే బాగాలేను, అందుకే అడిగాను. ఇవాళ అమ్మను. వచ్చే వారం మా ఇంటికి రా, కాఫీ తాగుదాం, అప్పటికీ కావాలంటే నీదే" అన్నాను. బూతులు తిట్టి వెళ్ళిపోయాడు. రాలేదు. ఇంకో బల్ల దగ్గర కొనుక్కున్నాడో, ఇంటికే పోయాడో తెలియదు. నాకు ఎప్పటికీ తెలియదు.

కంబళ్ళ ముసలాడు "ఇంకనించి పాస్టరుగారి దగ్గర చీటీ తెచ్చుకుంటేనే అమ్ముతావా హార్లన్?" అని వెటకారం చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సాయంత్రం బల్లలు సర్దుతుంటే వాడే పక్కకొచ్చి, "మా తమ్ముడు" అన్నాడు. అంతే అన్నాడు. కంబళ్ళు మడత పెట్టడంలో సాయం చేశాను.

నువ్వు పోయిన ఉత్తరంలో రాసిన మధ్యాహ్నం పన్నెండు గంటల మాట నన్ను వదలడం లేదు. ఎవరి గురించి రాశావు? మార్లిస్ ఎప్పుడు ఫోన్ చేసినా ఇంట్లో ఉండదేమని మీ అక్క అడుగుతోంది. సరిగా జవాబు రాయి.

హార్లన్


మైల్స్ సిటీ
నవంబర్ 1994

ప్రియమైన బావకి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, క్షమించు. నువ్వు అనవసరంగా కంగారుపడుతున్నావు. మొన్న ఏదో చిరాకులో రాశాను. ఇప్పుడు మనసు చాలా తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను.

ఈ మోకాలితో ఇల్లు సర్దుకోవడం కష్టమవుతోంది. అందుకని నా సరుకంతా బస్సులో నీకు పంపిస్తున్నాను. హెల్మెట్లు, బాయ్‌నెట్లు, ఆ ఫిన్లాండ్ కోటు. రైఫిళ్ళు మా పక్కింటివాళ్ళ కొడుకు ఆ వైపు వస్తూ దింపి వెళ్తాడు. స్విస్ రైఫిల్ నువ్వే ఉంచుకో. కొయ్యకు. కోటు నీకు సరిపోతుంది, నాకెప్పుడూ వదులే. బిస్కెట్‌ని పక్కింటివాళ్ళకిచ్చాను, వాళ్ళకి పెద్ద దొడ్డి ఉంది.

అక్కకి చెప్పు, అమ్మ పెళ్ళినాటి పింగాణీ గిన్నెల గురించి నేను గొడవపడ్డది తప్పేనని. అవి కూడా పెట్టెలో ఉన్నాయి. కాగితాలు చుట్టి పెట్టాను, పగలవు.

మార్లిస్ మీ ఇద్దరికీ ప్రేమతో చెప్పమంది.

నీ బావమరిది,
డ్వైట్


లూయిస్‌టౌన్
డిసెంబర్ 1994

డ్వైట్,

మేం నిన్ను చేర్చిన బిల్లింగ్స్ ఆసుపత్రికి నేను వచ్చిన మూడుసార్లూ నన్ను లోపలికి రానివ్వద్దన్నావట. నర్సు బాధపడుతూ చెప్పింది. సరే. ఉత్తరం చదవద్దని నువ్వు ఆవిడకి చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఎవరినో వేగు పెట్టి నీ ఇంట్లోకి వచ్చానని నర్సుతో అన్నావట. కాదు. నీ పెట్టెలు వచ్చాక గరాజులో ఒక్కొక్కటే తీశాను. రైఫిళ్ళు అప్పటికే దిగాయి. నీ దగ్గర ఏమేముందో నాకు నీ కంటే బాగా తెలుసు, సగం నేను కొనిపించినవే. అన్నీ ఉన్నాయి. మీ నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్న పిస్తోలు లేదు. మీ ఇంటికి ఫోన్ చేస్తే లైను కట్ చేశారని వచ్చింది. మార్లిస్ పనిచేసే లాండ్రీకి చేశాను. ఆవిడ మార్చిలోనే మానేసి స్పొకేన్‌లో వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు.

మార్చిలో. చెర్రీ పై ఎవరు చేశారు డ్వైట్?

ఇర్మాకి ఏం చెప్పాలో తెలియక పింగాణీ గిన్నె చేతికిచ్చాను. అది చూసి, నువ్వు రాసిన మాట విని, "బండి తియ్యి" అంది. కోటు కూడా నేనే తొడిగాను ఆవిడకి. దారంతా మంచు. గిన్నె ఒళ్ళోంచి దింపలేదు. ఇప్పుడు రోజూ ఆ గిన్నెల్ని తుడుస్తోంది, వాడటం లేదు.

నీ రైఫిళ్ళు తాళం వేసిన గదిలో ఉన్నాయి. తాళం చెవి ఇర్మా దగ్గరుంది, నాకు కూడా చెప్పదు ఎక్కడ పెట్టిందో. పిస్తోలు కొయ్యలేదు. అది మీ నాన్నది, నాది కాదు. ఎప్పుడో ఒకరోజు నువ్వే వచ్చి ఏం చేద్దామో చెప్పు. ఒక ఏడాదిపాటు మాత్రం అడగకు.

కొరిన్ లుండ్‌ని ఆ రోజు నేను ఆ ప్రశ్న అడిగుంటే బతికేదా? తెలియదు. నిన్ను అడిగాను. నువ్వు జన్మంతా నాతో మాట్లాడకపోయినా పరవాలేదు. నా మీద కోపంతోనైనా బతికి ఉండు.

హార్లన్


బిల్లింగ్స్
ఫిబ్రవరి 1995

బావా,

రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మందుల వల్ల అక్షరాలు కుదరడం లేదు.

చాలా కోపంగా ఉన్నాను నీ మీద. మొదట అది రాసి తర్వాత మిగతాది రాస్తాను. మార్లిస్ వెళ్ళిపోయిందని ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెబితే నిజమైపోతుందని. నీకు రాసిన ప్రతి ఉత్తరంలో ఆమె ఇంట్లో ఉండేది. చెర్రీ పై చేసేది, నిన్ను అడిగేది. ఉత్తరం అంటించేదాకా ఇల్లు ఇల్లులాగే ఉండేది. నువ్వు ఒక్క ఫోన్‌తో అది కూడా తీసేశావు.

ఆ రోజు నువ్వు తలుపు కొట్టకుండా వచ్చావు. నేను ఉతికిన చొక్కా వేసుకుని వంటింట్లో కూర్చున్నాను. గిన్నెలన్నీ కడిగేశాను. నీ వెనక అక్క, బూట్లకి మంచుతో. "కాఫీ తాగుతావా బావా?" అన్నాను. నువ్వు కుర్చీ లాక్కుని నా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని అడిగావు, "చచ్చిపోదామనుకుంటున్నావా డ్వైట్?" అని. ఎవరైనా అలా అడుగుతారా? వాతావరణం ఎలా ఉందన్నట్టు అడిగావు. ఇన్ని నెలల్లో డాక్టరు అడగలేదు, పాస్టరు అడగలేదు, నేను కూడా నన్ను ఆ మాటలతో అడగలేదు. లేదందామనుకుంటే గొంతులోంచి అవును వచ్చింది. చెప్పాక ఇంకేం మిగల్లేదు. నాన్న పిస్తోలు పిండి డబ్బా వెనక ఉందని నేనే చెప్పాను. అక్క వెళ్ళి తీసింది. జీవితంలో తుపాకి ముట్టుకోని మనిషి, చేతిగుడ్డలో చుట్టి కోటు జేబులో పెట్టుకుంది. అప్పుడు నన్ను చెంపమీద కొట్టింది. అరవై ఏళ్ళ ఆడది చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ దెబ్బ గురించి ఇంకా ఆలోచిస్తుంటాను.

ఇక్కడ నా పక్క మంచం మనిషి వియత్నాం వెళ్ళొచ్చినవాడు. ఎప్పుడూ గోడ వైపు తిరిగి ఉంటాడు. నిన్న అతనికి భోజనం పళ్ళెం అందించి, "తినవోయ్" అన్నాను. తిన్నాడు. ఇదేం గొప్ప సంగతని నీకు రాస్తున్నానో తెలియదు.

బాగయ్యానని చెప్పలేను. కొన్ని పొద్దులు బాగుంటున్నాయి, కొన్ని అసలు ఉండటం లేదు. వాళ్ళు కూడా అబద్ధం చెప్పడం లేదు, ఇలాగే ఉంటుందంటున్నారు, చాలాకాలం. నువ్వు చేసినదానికి కృతజ్ఞత చెప్పాలని అక్క రాసింది. నాలో అది ఇంకా లేదు బావా. ఉన్నప్పుడు చెబుతాను. ఉంటుందో లేదో కూడా తెలియదు.

నర్సుకి చెప్పాను, ఈసారి నువ్వు వస్తే రానివ్వమని. వస్తే ఏం మాట్లాడుకుంటామో నాకు తెలియదు. నీకూ తెలియదు.

అయినా రా.

డ్వైట్